దైవపిలుపు విషయంలో "నేను తగను" అనిపిస్తే: సమస్య - పరిష్కారం

కతోలిక శ్రీసభలో (చర్చిలో) గురువు (ఫాదర్) కావాలనో, మఠంలో చేరాలనో ఆలోచన పుట్టగానే చాలామందికి "నాలాంటివాళ్లకా?" అనే ప్రశ్న కూడా పుడుతుంది. మాట ఒక్కటే అయినా కారణాలు వేరు. అందరికీ ఒకే మందు పనిచేయదు.

ముందు ఒక విషయం. అభ్యర్థిని గురువుగా అభిషేకించే గురుపట్టాభిషేకంలో పీఠాధిపతి (బిషప్) "వీరు యోగ్యులని మీకు తెలుసా?" అని అడుగుతారు. అడిగేది అభ్యర్థిని కాదు, అతన్ని ముందుకు తెచ్చిన గురువును. విశ్వాసులను విచారించామని, శిక్షణ ఇచ్చినవారు సిఫారసు చేశారని ఆయనే సాక్ష్యం చెబుతారు. పేరు పిలిచినప్పుడు "ఇదిగో, ఉన్నాను" అనడమే అభ్యర్థి పని. మీరు రాత్రింబవళ్లు మోస్తున్న ప్రశ్నకు జవాబు చెప్పే బాధ్యతను శ్రీసభ మీ మీద పెట్టలేదు.

లక్షణం: పాపసంకీర్తనంలో, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, చెప్పేసిన పాపాలే మళ్లీ మళ్లీ వేధిస్తాయి. "సరిగ్గా చెప్పానా?" అని టెన్షన్.

కారణం: అతి సంశయం, అంటే ఒప్పుకున్న పాపాల గురించి కూడా తీరని అనుమానం. చూడటానికి పశ్చాత్తాపంలాగే ఉంటుంది కాబట్టి పట్టుకోవడం కష్టం. జెస్విట్ సభను స్థాపించిన పునీత లొయోలా ఇగ్నేషియస్ 1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో ఇందులోనే చిక్కుకున్నారు. అంతకుముందే మోంట్‌సెర్రాట్‌లో జీవితమంతటి పాపాలు రాసుకుని మూడు రోజులపాటు ఒప్పుకున్నా, ఇంకేదో మిగిలిపోయిందనిపించేది. స్పష్టంగా ఉన్నవి తప్ప పాతవి చెప్పవద్దని, పాపసంకీర్తనం వినే ఆత్మగురువు అంటే, ఆయనకు అన్నీ స్పష్టంగానే కనిపించాయి! ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన దాకా వెళ్లింది. వారం రోజులు ఉపవాసం ఉన్నారు, ఆత్మగురువు మాన్పించారు. చివరికి గతాన్ని ఇక తవ్వకూడదని నిశ్చయించుకున్నాకే ఆ చెర వదిలింది.

చేయాల్సింది: ఒకే గురువు దగ్గర పాపసంకీర్తనం చేయండి. "ఇది మళ్లీ చెప్పొద్దు" అని ఆయన అంటే చెప్పొద్దు, లోపల ఎంత గోల పెట్టినా సరే. ఇంకా ఎక్కువ ఆత్మపరిశోధన, ఇంకా కఠిన ఉపవాసాలు ఇక్కడ మేలు చేయవు, గాయాన్ని గోకినట్టే అవుతుంది.

లక్షణం: నిన్నటిదాకా ఉత్సాహం. ఇవాళ ప్రార్థన ఎండిపోయింది, "ఇది నాకు కాదు, మానేద్దాం" అనిపిస్తోంది.

ఆత్మ చీకట్లో ఉన్నప్పుడు, ముందు తీసుకున్న నిర్ణయాన్ని మార్చవద్దన్నది ఇగ్నేషియస్ నియమం. దరఖాస్తు వెనక్కి తీసుకోకండి, కొత్తగా ప్రతిజ్ఞలూ చేయకండి. ఆ ఆలోచనను మాత్రం దాచకుండా ఆధ్యాత్మిక మార్గదర్శికి చెప్పండి. దాచినంతకాలం అది బలపడుతుంది.

లక్షణం: "నాకు తెలివి చాలదు, మాట్లాడటం రాదు."

పునీత జాన్ మరియ వియాన్నికి లాటిన్ ఎంతకీ పట్టుబడలేదు, సెమినరీ (గురువుల శిక్షణాలయం) నుంచి పంపేశారు. అయినా 1815లో గురువయ్యారు. ఫ్రాన్స్‌లోని ఆర్స్ అనే ఊళ్లో పేరొచ్చాక కూడా తగనని అక్కడి నుంచి పారిపోవాలని చూశారు. విచారణ గురువులకు (ఒక ఊరి చర్చి బాధ్యత చూసే ఫాదర్లకు) పాలక పునీతుడు ఆయనే. అంటే ఈ భావన పూర్తిగా పోయేదాకా ఆగాల్సిన పనిలేదు. సామర్థ్యం సంగతి శిక్షణలో తేలుతుంది. మఠాల్లో నవశిష్యరికం (తొలి శిక్షణ) కనీసం 12 నెలలు, ఆపైన తాత్కాలిక మాటపట్టులు (వ్రతాలు) కనీసం మూడేళ్లు. పరిశీలనకు ఆ సమయం ఉంది.

లక్షణం: ఇప్పటికీ వదలని అలవాటు ఒకటి ఉంది.

ఇది ఉత్త భావన కాదు, నిజమైన విషయం. చేరాక చూసుకుందాంలే అనుకోకండి. దరఖాస్తుకు ముందే మార్గదర్శికి దాచకుండా చెప్పండి. కొంతకాలం ఆగమనవచ్చు. ఆగమన్నంత మాత్రాన పిలుపు లేదని అర్థం కాదు. "నేను పాపిని, నన్ను విడిచి పొమ్ము" అన్న పేతురుతో ప్రభువు నువ్వు పాపివి కావని అనలేదు. భయపడవద్దన్నాడు.

లక్షణం: పిలుపు ఒక్కటే కాదు, దేనికీ పనికిరాననిపిస్తుంది. నిద్ర లేదు, ఆకలి లేదు.

ఇది డిప్రెషన్ కావచ్చు. డాక్టర్‌ను కలవండి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే ఆలస్యం చేయకుండా పక్కనున్నవాళ్లకు ఈ రోజే చెప్పండి. నిర్ణయం కోలుకున్నాక తీసుకోవచ్చు.

మార్గదర్శిని మొదటిసారి కలిసేటప్పుడు ఒక కాగితం మీద రెండే రాసుకెళ్లండి: ఈ జీవితం వైపు నన్ను లాగుతున్నదేమిటి, నేను ఎవరికీ చెప్పనిదేమిటి. రెండోదాన్నే ముందు చదవండి.