కంబాలకొండలో తేలికైన చుట్టుదారి ట్రెక్ ఎలా చేయాలి?

విశాఖలో పుట్టి పెరిగి కూడా కంబాలకొండ లోపల నడవని వాళ్లు చాలామందే ఉన్నారు. హైవే మీద రోజూ తిరుగుతూనే ఉంటాం. పక్కనే దాదాపు 70 చదరపు కిలోమీటర్ల అడవి ఉందన్న ధ్యాసే రాదు. ఒకప్పుడు విజయనగరం రాజుల అధీనంలో ఉన్న ఈ అడవి 1970 నుంచి అటవీశాఖ చేతిలో ఉంది. పడమట సింహాచలం కొండలు, ఈశాన్యాన గంభీరం రిజర్వాయర్. సింహాచలం గిరిప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచే ఊరు మనది, గేటు దగ్గర బయలుదేరి మళ్లీ గేటుకే చేరే నాలుగైదు కిలోమీటర్ల చుట్టుదారి పెద్ద దూరమేమీ కాదు. కానీ గిరిప్రదక్షిణలో తారు రోడ్డు, దారి పొడవునా మంచినీళ్లు, పక్కన జనం. ఇక్కడ అవేవీ ఉండవు కాబట్టి కాస్త సిద్ధపడి వెళ్లాలి.

ఎప్పుడు వెళ్లాలి?

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. మార్చి దాటితే ఎండకంటే ఉక్కపోత ఎక్కువ బాధిస్తుంది. సముద్రపు తేమకు చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం కాబట్టి ముందురోజు వాతావరణ హెచ్చరికలు తప్పక చూడండి. గేటు తెరిచే వేళకే చేరుకోవడం అన్నిటికంటే మంచిది. చల్లగానూ ఉంటుంది, పక్షులూ బాగా కనిపిస్తాయి.

ఏం తీసుకెళ్లాలి?

మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్. పట్టు ఉన్న బూట్లు, కాళ్లు పూర్తిగా కప్పే ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. రాళ్ల మీద చెప్పులు జారతాయి. ఆకుపచ్చ, గోధుమ లాంటి కొట్టొచ్చినట్టు కనిపించని రంగులు వేసుకుంటే పక్షులు బెదరవు. సెంటు వద్దు, బ్లూటూత్ స్పీకర్ అసలే వద్దు. అడవికి వెళ్లేది వినడానికే కదా! ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో ఇంట్లో చెప్పండి. కొండల మధ్య సిగ్నల్ అందకపోవచ్చు.

గేటు దగ్గర

మద్దిలపాలెం, హనుమంతవాక మీదుగా మధురవాడ వైపు వెళ్లే బస్సో ఆటోనో ఎక్కితే చాలు. జూపార్కు కుడివైపు, కంబాలకొండ ఎడమవైపు వస్తాయి. టికెట్ తీసుకునేటప్పుడే మూడు విషయాలు అడగండి: ఈరోజు ఏ దారి తెరిచి ఉంది, ఎన్ని గంటలకల్లా బయటికి రావాలి, వెంట గైడు వస్తారా. చుట్టుదారి కావాలని, మొదటిసారి వచ్చామని చెప్పండి. వాళ్లు ఒక దారి వద్దంటే బతిమాలకండి. ఇది వన్యప్రాణి అభయారణ్యం. అనుమతి లేని చోటికి వెళ్లడం, నిప్పు పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

నడక

బయలుదేరిన టైమ్ గుర్తుపెట్టుకోండి. చుట్టుదారిలో చిక్కల్లా ఒక్కటే. సగానికి చేరాక ముందుకు వెళ్లినా, వెనక్కి తిరిగినా గేటు ఒకే దూరం. అందుకే సగానికి ముందే ఆగి చూసుకోవాలి. నీళ్లు సగం ఉన్నాయా, పిల్లలు అలిసిపోయారా, అనుకున్న టైముకి గేటు చేరగలమా? ఒక్కదానికి అనుమానం వచ్చినా వచ్చిన దారినే తిరిగి రండి. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లను ముందు పెడితే ఎవరూ వెనకబడరు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటింది. అప్పుడు ఈ అడవిలోనూ చెట్లు విపరీతంగా కూలాయి. చెట్టు కూలిన చోట వెలుతురు పడి కొత్త మొక్కలు లేస్తాయి. ఫొటో కోసమో, అడ్డదారి కోసమో దారి దిగి తొక్కితే నలిగేది వాటి ప్రాణమే. అందుకే దారిలో బురద ఉన్నా దాని మీదనుంచే నడవండి, పక్కకు దిగకండి.

చలికాలంలో గోధుమరంగు నూగుతో వేలాడే చింతకాయల్లాంటి కాయలు కనిపిస్తే ముట్టుకోకండి, అది దురదగొండి. నూగు అంటితే గోకకండి. గోకితే ఇంకా పాకుతుంది. సెల్లోటేప్ అంటించి లాగి, తర్వాత నీళ్లతో కడగండి. వినాయక చవితి పత్రిలో చూసే ఉత్తరేణి కూడా దారి పక్కన ఉంటుంది. దాని గింజలు ప్యాంటుకు పట్టుకుంటాయి, అంతకుమించి ప్రమాదం లేదు.

ఇక్కడ చిరుతలున్నాయి. మామూలుగా అవే మనిషిని తప్పించుకుని పోతాయి. ఎదురైతే మాత్రం పరుగెత్తకండి, వంగకండి. పిల్లలను ఎత్తుకుని, నిటారుగా నిలబడి, దానికి వీపు చూపకుండా మెల్లగా వెనక్కి నడవండి. పాముల విషయంలో జాగ్రత్త సులువే. కనపడని చోట కాలు పెట్టకండి, రాళ్ల సందుల్లో చేయి పెట్టకండి, దుంగను దాటేముందు అవతల ఏముందో చూడండి. పొరపాటున కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం చేయకండి. ఉంగరాలు, గాజులు తీసేసి, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే ఒకరు గేటు వైపు వెళ్లాలి, కాటు పడ్డ మనిషిని నడిపించకూడదు.

తిరిగి వచ్చాక

బయటికి వచ్చామని గేటు దగ్గర చెప్పండి. తెచ్చిన కవర్లు, సీసాలు మీ సంచిలోనే ఇంటికి తీసుకెళ్లండి. చీలమండలు, మోకాలి వెనకభాగం ఒకసారి తడిమి పిడుదులు లేవని చూసుకోండి. నగరంలోకి వెళ్లే బస్సు అవతలివైపు ఆగుతుంది కాబట్టి హైవే దాటాలి. లారీలు వేగంగా వస్తాయి. కాళ్లు అలిసిపోయి ఉంటాయి, పిల్లల చేయి గట్టిగా పట్టుకుని తొందరపడకుండా దాటండి.