లీజియన్ వార్షికోత్సవ సంకలనాలు: కొనేముందు, కొన్నాక

పర్లాకిమిడి, రాయగడ వైపు లీజియన్ ఆఫ్ సూపర్‌హీరోస్ (డీసీ కామిక్స్ వాళ్ల సూపర్‌హీరోల జట్టు) పుస్తకాలు షాపులో తిరగేసి కొనుక్కునే వీలు తక్కువ. ఆన్‌లైన్‌లో అట్ట చూసి ఆర్డర్ పెట్టేస్తే, సగం కథలు ఇంట్లో ఉన్నవే వచ్చి కూర్చుంటాయి. ఏ సంచికల్లోంచి తీశారన్నది మామూలుగా కాపీరైట్ పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. డబ్బు కట్టకముందే అమ్మేవాళ్లని ఆ పేజీ ఫోటో అడగండి.

మీ దగ్గరున్నవాటి జాబితాలో నంబరు పక్కన సంవత్సరం తప్పక రాయాలి. ఈ జట్టు 1958 ఏప్రిల్‌లో, అడ్వెంచర్ కామిక్స్ 247లో, సూపర్‌బాయ్ కథలో అతిథిగా వచ్చింది. తర్వాత సూపర్‌బాయ్ పత్రికలోకి మారి, 1980లో 259వ సంచిక నుంచి ఆ పత్రికకే తన పేరు పెట్టేసుకుంది. అందుకే 300వ సంచిక 1983ది, ఆ తర్వాత కొత్త పత్రికగా మొదలుపెట్టిన 1వ సంచికేమో 1984ది! 1989లో, 2005లో, 2011లో మళ్లీ ఒకటో నంబరే. డబుల్ కొనేది ఎక్కువగా ఇక్కడే.

2008లో 50 ఏళ్ల సందర్భంగా వచ్చిన ‘1,050 ఇయర్స్ ఇన్ ద ఫ్యూచర్’ లాంటివాటిలో ఒక్కో కాలం నుంచి ఒక్కో ముక్క ఉంటుంది. వరసగా చదివితే తికమకే. 1994లో పాత కథంతా చెరిపేసి మొదటి నుంచి రాశారు, జట్టులోని లైట్నింగ్ లాడ్ పేరు అక్కడ లైవ్ వైర్ అయింది. 2004 చివర్లో మళ్లీ మొదలు. ఈ రెండు చోట్లా చీటీ పెట్టుకుని, అవతల కొత్త జట్టనుకుని చదవండి. అడ్వెంచర్ 304లో లైట్నింగ్ లాడ్ చనిపోతాడు, 312లో లేస్తాడు. ఒకటే ఉంటే రెండోది వెతుక్కోవాలి. కొత్తవాళ్లకి మా సలహా, సంకలనం కన్నా ముందు లీజియన్ పత్రికలో 1982 నాటి 290 నుంచి 294 దాకా చదవడం. రచయిత పాల్ లెవిట్జ్, చిత్రకారుడు కీత్ గిఫెన్‌ల చేయి అక్కడ బాగా తిరిగింది.

పర్లాకిమిడి వాళ్లైతే అడ్రసులో గజపతి జిల్లా, ఒడిశా అని, 761తో మొదలయ్యే పిన్‌తో రాయండి. శ్రీకాకుళం అని రాస్తే పార్సిల్ దారి తప్పుతుంది. విప్పేటప్పుడు వీడియో తీయండి. మూల నలిగితే అదే సాక్ష్యం.

జిగురు బైండింగ్‌ని ఒక్కసారే విరిచి తెరవకూడదు. ముందు నుంచి పది పేజీలు, వెనక నుంచి పది పేజీలు, మెల్లగా నొక్కుతూ మధ్యకి రండి. లావుపాటి ఆమ్నిబస్‌ని (చాలా సంచికలు కలిపి కుట్టిన పెద్ద పుస్తకాన్ని) వాలుగా నిలబెడితే కాగితాల బరువుకి వీపు ఊడుతుంది, పడుకోబెట్టండి. వానాకాలంలో బీరువాని గోడకి నాలుగు వేళ్లు ఎడంగా జరిపి, సిలికా జెల్ సంచులు పెట్టండి. మెత్తటి పీవీసీ కవర్లు మాత్రం వద్దు, కొన్నేళ్లకి అట్టకి అంటుకుపోతాయి, పాలీప్రొపిలీన్‌వి తీసుకోండి.