నెగ్రోనీకి సరైన జిన్ ఎంచుకోవడం ఎలా?

నెగ్రోనీ అనే కాక్‌టెయిల్ చేయడానికి పెద్ద పనితనం అక్కర్లేదు. జిన్, కంపారీ (చేదుగా ఉండే ఎర్రటి ఇటాలియన్ లిక్కర్), తీపి వెర్మూత్ (మూలికలు కలిపిన వైన్) తలా 30 మి.లీ., నిండా ఐస్, ఓ నారింజ తొక్క, అంతే. అయినా ఇంట్లో చేసుకున్న చాలామంది "దగ్గు మందులా ఉంది" అని పక్కన పెట్టేస్తారు. నేను చూసినంతవరకు తప్పు ఎక్కువసార్లు జిన్‌దే.

1919 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో కమిల్లో నెగ్రోనీ అనే కౌంట్, తను రోజూ తాగే అమెరికానోలో సోడా బదులు జిన్ పొయ్యమన్నాడని చెప్తారు. అమెరికానో అంటే కంపారీ, వెర్మూత్, సోడా. అంటే జిన్ ఇందులోకి వచ్చిందే ఘాటు కోసం. ఈ ఒక్కటి గుర్తుంటే షాపులో సగం సీసాలు వాటంతట అవే పక్కకి పోతాయి.

ముందు లేబుల్ మీద "లండన్ డ్రై" అని ఉందేమో చూడండి. అది ఊరి పేరు కాదు, తయారీ పద్ధతి, గోవాలో చేసినా లండన్ డ్రై కావచ్చు (గ్రేటర్ దాన్ అలాంటిదే). ఇందులో బట్టీ పట్టాక రుచులు, రంగులు కలపరు, తీపి కూడా నామమాత్రమే. కంపారీలో, వెర్మూత్‌లో ఇప్పటికే బోలెడంత చక్కెర ఉంటుంది కాబట్టి, తియ్యటి పింక్ జిన్ కూడా పోస్తే చేదు, తీపి, పులుపు అన్నీ కలిసి గందరగోళం అవుతుంది.

తర్వాత మద్యం శాతం చూడండి. 40కి తగ్గితే వద్దు, 42 నుంచి 47 మధ్య ఉంటే బాగా నిలబడుతుంది. మన దగ్గర అమ్మేవి చాలావరకు 42.8, హాయిగా సరిపోతుంది. ఒకే బ్రాండ్ దేశాన్ని బట్టి మారుతుంది కూడా, టాంకరే అమెరికాలో 47.3 శాతం, బ్రిటన్‌లో అంతకంటే తక్కువ. అందుకే చేతిలో ఉన్న సీసా మీది అంకెనే నమ్మండి. 57 శాతం నేవీ స్ట్రెంత్ పోస్తే మాత్రం వెర్మూత్ రుచి అసలు తెలియదు.

ఇక అసలు సంగతి, లోపల ఏం వేశారన్నది. జునిపర్ (జిన్‌కి అసలు రుచినిచ్చే కాయ) ముందుండాలి, అంటే మూత తీయగానే అప్పుడే చెక్కిన దేవదారు చెక్క వాసన లాంటిది రావాలి. టాంకరేలో వాడేవి నాలుగే, జునిపర్, ధనియాలు, ఏంజెలికా వేరు, అతిమధురం. కంపారీ చేదుని ఎదుర్కోవడానికి ఆ నాలుగూ చాలు. బీఫీటర్‌లో సెవిల్ నారింజ తొక్క ఉంటుంది, కంపారీలోని నారింజ వాసనతో అది అతుక్కుపోతుంది, మొదటిసారి చేసేవాళ్లకి నేను చెప్పేది ఇదే. హెండ్రిక్స్‌లో ఉండే దోసకాయ, గులాబీ టానిక్‌తో ఎంత బాగుంటాయో కంపారీ ముందు అంతగా కనిపించకుండా పోతాయి. అంత ఖరీదు పెట్టి కొన్నది ఇందులో పొయ్యడం నాకైతే మనసొప్పదు.

ఇంట్లో రెండు జిన్‌లు ఉంటే ఇలా పోల్చండి. రెండు చిన్న గ్లాసుల్లో చెరో చెంచా జిన్, అంతే చల్లటి నీళ్లు పోసి వాసన చూడండి, నీళ్లు కలిస్తే మద్యం ఘాటు తగ్గి మూలికల వాసన పైకొస్తుంది. ఆ తర్వాత రెండింటితోనూ అన్నీ 10 మి.లీ. చొప్పున బుల్లి నెగ్రోనీలు కలిపి, ఐస్‌తో తిప్పి, పక్కపక్కన రుచి చూడండి. గుటక మింగాక కూడా జునిపర్ నోట్లో మిగిలిందంటే అదే మీ జిన్.

దొరికింది మెత్తటి జిన్ ఒక్కటేనా? పారేయక్కర్లేదు, కొలత మార్చండి. జిన్ 40, మిగతా రెండూ 25 చొప్పున. ఒకటి మాత్రం చూసుకోండి, వెర్మూత్ వైన్‌తో చేసింది కాబట్టి తెరిచాక ఫ్రిజ్‌లోనే ఉండాలి. నెలల తరబడి బయట ఉన్న వెర్మూత్ పోసి జిన్ బాలేదంటే పాపం జిన్ ఏం చేస్తుంది!

పెద్ద ఐస్ ముక్కలతో అర నిమిషం తిప్పండి. మన కమలా తొక్క వదులుగా ఉంటుంది కాబట్టి పీలర్‌కి సరిగా దొరకదు, చేత్తో ఒలిచి లోపలి తెల్లటి పీచు కత్తితో గీకేయండి. రంగు వైపు గ్లాసుకేసి పెట్టి మడిచి నొక్కితే నూనె సన్నగా చిమ్ముతుంది. తొక్కని అంచు చుట్టూ ఒకసారి రాసి లోపల వేసేయండి.