కారు కంతు తప్పిందా, ముందు బ్యాంకుకు వెళ్లండి

పెనుకొండ వైపు ఒక విడిభాగాల కర్మాగారంలో నాణ్యత తనిఖీ విభాగంలో ఆరేళ్లు పనిచేశాను. మే నెల మొదట్లో ఒక శుక్రవారం మధ్యాహ్నం మా విభాగంలో కొందరిని పిలిచి లెక్క తేల్చి పంపేశారు. సోమవారం ఐదో తేదీ. ఆ రోజు నా ఖాతాలోంచి కారు కంతు 13,651 రూపాయలు పోవాలి. ఉన్నది తొమ్మిది వేలు. అనంతపురంలో అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు, ప్రైవేటు బడిలో మా ఆయనకు వచ్చే జీతం. కారు అప్పు ఆరున్నర లక్షలు, తొమ్మిదిన్నర శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు. అప్పటికి ఇరవై రెండు కంతులు ఒక్కరోజు కూడా ఆలస్యం లేకుండా కట్టాను. అదే గర్వం నన్ను మూడు వారాలు బ్యాంకు గడప తొక్కనివ్వలేదు.

మీరు ఆ పని చేయకండి. ఉద్యోగం పోయిన వారంలోనే, కంతు తేదీ కంటే ముందే వెళ్లండి. ఖాతాలో డబ్బు లేకుండా ఆటో డెబిట్ (కంతు దానంతటదే ఖాతాలోంచి పోయే ఏర్పాటు) వెనక్కి వస్తే అప్పిచ్చిన బ్యాంకు ఒక రుసుము వేస్తుంది, మీ ఖాతా ఉన్న బ్యాంకు ఇంకొకటి వేస్తుంది. కొద్ది రోజులకు మళ్లీ ప్రయత్నిస్తారు, మళ్లీ రుసుము. నాకు ఒక్క కంతు మీదే ఇలా వెయ్యి దాటింది. పైగా డబ్బు లేక ఆటో డెబిట్ వెనక్కి రావడం, చెక్కు బౌన్సు కావడం చట్టం దృష్టిలో దాదాపు ఒకటే. 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షను కింద కేసు వేసే వీలుంది.

నేను వెళ్లింది ఇరవై ఆరో తేదీన. ఉద్యోగం పోయినట్టు కర్మాగారం ఇచ్చిన పత్రం, మూడు నెలల ఖాతా వివరాలు, ఇంటి ఖర్చు రాసిన ఒక కాగితం పట్టుకెళ్లాను. గడువు పెంచమని అడిగితే మేనేజరు మేడం కుదరదని సూటిగా చెప్పింది. తర్వాత కాగితం వెనక మూడు గీతలు గీసింది. బాకీ 30 రోజుల లోపు ఒక మెట్టు, 60 లోపు రెండో మెట్టు, 90 లోపు మూడోది, 90 దాటితే మొండి బాకీ. "పాత కంతు మిగిలి ఉన్నా ఫర్వాలేదమ్మా, నెలనెలా ఒక్కటి కడుతూ ఉంటే ఉన్న మెట్టు మీదే ఉంటారు, కిందికి దిగరు" అంది. ఆ మూడు గీతలు నాకు ఎవరూ చెప్పని పాఠం. అడిగినది దొరకకపోయినా అర్జీని రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. నాకు ఆ ముద్ర తర్వాత పనికొచ్చింది.

అపరాధ రుసుము ఎంత వేశారో కూడా అప్పుడే అడగండి. 2024 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం దాన్ని అసలులో కలిపి, దాని మీద మళ్లీ వడ్డీ లెక్కించకూడదు.

ఇక చేబదులు సంగతి. మా వీధిలో మూడు రూపాయల వడ్డీకి ఇస్తామని ఇద్దరు ముందుకొచ్చారు. మన లెక్కలో చూస్తే కారు అప్పు ఎనభై పైసల వడ్డీ కూడా కాదు. ఎనభై పైసల అప్పు తీర్చడానికి మూడు రూపాయల అప్పు చేయడమేమిటని మా అత్త ఒక్క మాటలో తేల్చేసింది. ఇంకో సలహా మా బావగారిది: "కారు నాకు ఇచ్చేయమ్మా, మిగతా కంతులు నేను కట్టుకుంటాను." ఇది మన వైపు మామూలే. కానీ అప్పు నా పేరు మీద, ఆర్‌సీ నా పేరు మీద. ఆయన రెండు నెలలు కట్టి ఆపేస్తే బ్యాంకు వచ్చేది నా దగ్గరికే. దారిలో ప్రమాదం జరిగినా అంతే. బంధుత్వం చెడకూడదనే వద్దన్నాను. ఆయన ముఖం ముడుచుకున్నాడు, దసరాకు మామూలైపోయాడు.

జూన్ కంతు కూడా తప్పింది. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను మేడ మీద వడియాలు పెడుతుంటే వసూలు మనిషి వచ్చాడు. మా గేటు కొట్టకుండా పక్కింటి పెద్దాయనను పిలిచి, "వీళ్లు బ్యాంకుకు బాకీ, తెలుసా?" అన్నాడు. పిండి చేతులతోనే దిగి వచ్చాను. గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం చూపించమన్నాను. కార్డు ఉంది, పత్రం లేదు. ముద్ర ఉన్న అర్జీ నకలు చూపించి, పత్రం తెచ్చాకే మాట్లాడతానన్నాను. వెళ్లిపోయాడు. వీళ్లు ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోను చేయకూడదు, ఇరుగుపొరుగులో పరువు తీయకూడదు. ఇవీ రిజర్వు బ్యాంకు నిబంధనలే. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఖర్చు లేదు, ఫోను 14448. వసూలు మనిషి చేతికి మాత్రం నగదు ఇవ్వకండి, అప్పు ఖాతాలోనే వేయండి.

నెలకు ఒక్క కంతు కూడా వచ్చే దారి కనబడలేదు. ఒప్పంద పత్రంలో స్వాధీనం గురించిన పేరా ఆ రాత్రి మొదటిసారి చదివాను: ఎన్ని రోజుల నోటీసు, అమ్మే ముందు చివరి అవకాశం ఎలా, అన్నీ అందులో ఉన్నాయి. వేలంలో ధర తక్కువ పలికితే మిగిలిన బాకీ మళ్లీ మన నెత్తినే. అందుకే బండి వాళ్లు తీసుకెళ్లేలోపు నేనే అమ్మాలనుకున్నాను.

అప్పున్న బండి అమ్మకం కష్టమేమీ కాదు, వరుస తప్పకూడదంతే. ముందుగా అప్పు మూసివేతకు ఎంత కట్టాలో బ్యాంకు నుంచి లేఖ తీసుకోవాలి. అది ఫలానా తేదీ వరకే చెల్లుతుంది. నాకు ముందస్తు మూసివేత రుసుముతో కలిపి 4,71,000 వచ్చింది. అనంతపురంలో పాత కార్ల వ్యాపారులు ముగ్గురు ఐదు లక్షలు దాటలేదు. ధర్మవరంలో ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు 5,35,000 ఇచ్చాడు. ఆయనను బ్యాంకుకే తీసుకెళ్లి, 4,71,000 నేరుగా అప్పు ఖాతాకు పంపించాం, మిగిలిన 64,000 నా ఖాతాకు. కొనేవాడికి ధైర్యం, అమ్మేవాడికి నిశ్చింత. బాకీ లేదన్న పత్రం, ఫారం 35 రెండు ప్రతులు చేతికి వచ్చాక రవాణా కార్యాలయంలో ఆర్‌సీ మీద బ్యాంకు పేరు తీయించి, 29, 30 ఫారాలతో పేరు మార్చాం. పేరు మారేదాకా బండి ఇవ్వకండి. తాళాలు అడుగుతారు, నవ్వుతూనే వద్దనండి.

ఇంకొకటి: పాత బీమా మీద నో క్లెయిం బోనస్ (క్లెయిం చేయనందుకు బీమాలో దొరికే తగ్గింపు) బండితో పోదు, మనదే. దాని పత్రం అడిగి తీసుకోండి.

రెండు నెలల తర్వాత క్రెడిట్ నివేదిక, అంటే మన అప్పుల చరిత్ర రాసి ఉండే పత్రం, తీసి చూశాను. ఏడాదికి ఒకసారి ఉచితం. మూసేసిన అప్పు ఇంకా బాకీ ఉన్నట్టే ఉంది. ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో సరిచేయాలి, దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలి. నాకు పంతొమ్మిదో రోజున సరిచేశారు. మే, జూన్ గళ్లలో మాత్రం 26, 56 అనే అంకెలు, అంటే నెలాఖరుకు ఎన్ని రోజులు బాకీ ఉన్నానో ఆ లెక్క, అలాగే ఉన్నాయి. అవి నిజమే కాబట్టి వాటి జోలికి వెళ్లలేదు.