నోట్సు రాసుకోవడానికి ట్యాబ్ ఎలా ఎంచుకోవాలి?

బెంగళూరులో బడులు తెరిచే రోజులొచ్చాయంటే మారతహళ్లి చుట్టుపక్కల ఉన్న మా వాళ్లందరి నుంచీ ఒకటే ఫోన్లు. "బాబాయ్, పిల్లాడికి నోట్సు రాసుకోవడానికి ట్యాబ్ కావాలి, ఏది మంచిది?" అడిగేసరికే సగం మంది ఆఫర్ చూసి బుక్ చేసేసి ఉంటారు. ర్యామ్ ఎంతో చూస్తారు, కెమెరా ఎంతో చూస్తారు. కొనేది రాయడానికి. దాని మీద నాలుగు అక్షరాలు రాసి చూసి కొన్నవాళ్లు మాత్రం నాకు కనబడటం లేదు. నెల తిరక్కుండా ఆ ట్యాబ్ వీడియోలకు అంకితమైపోతోంది. డబ్బూ పోతోంది, పిల్లాడి ఉత్సాహమూ పోతోంది.

మొదట బడిలో అడగండి

కొన్ని బడులు ట్యాబ్‌ను లోపలికి రానివ్వవు. కొన్ని ఫలానా మోడలే కావాలంటాయి. క్లాస్ టీచర్‌ను అడిగాకే మిగతా సంగతి. ఎస్సెల్సీ (ఇక్కడి పదో తరగతి) అయినా పీయూసీ (మన ఇంటర్) అయినా బోర్డు పరీక్ష కాగితం మీదే రాయాలి కాబట్టి లెక్కల సాధన నోటుబుక్కులోనే సాగాలి. ట్యాబ్ నోట్సుకు మాత్రమే.

సైజు, స్టోరేజీ

10 అంగుళాల స్క్రీన్ అంటే దాదాపు ఏ5 కాగితం, అంటే ఏ4లో సగం. అంతకన్నా చిన్నదైతే పేజీని మాటిమాటికీ జరుపుకోవాలి, ఈలోపు టీచర్ బోర్డు తుడిచేస్తారు. 13 అంగుళాలది డెస్కు మీద పుస్తకానికి చోటు లేకుండా చేస్తుంది. 11 అంగుళాలది తీసుకోండి. స్టోరేజీ 128 జీబీ, వైఫై మోడల్ చాలు. కీబోర్డు కవర్ వద్దు. రసాయన సమీకరణాలు, మాత్రికలు, పువ్వు నిలువుకోత బొమ్మ టైపు చేయడం కుదిరే పని కాదు. చేత్తో రాసుకోవడానికేగా ఇదంతా.

పెన్ను ఏ రకమో తేల్చుకోండి

రబ్బరు మొన ఉన్న చవక పెన్నును స్క్రీన్ వేలిలాగే చూస్తుంది. పెన్ను ఏదో, అరచెయ్యి ఏదో దానికి తెలియదు. నోట్సుకు అది పనికిరాదు. కావలసింది ట్యాబ్ గుర్తుపట్టే పెన్ను. శామ్‌సంగ్ ఎస్ పెన్‌కు రాయడానికి చార్జింగ్ అక్కర్లేదు, కావలసిన శక్తిని స్క్రీన్ నుంచే తీసుకుంటుంది. ఆపిల్ పెన్సిల్‌కు చార్జింగ్ పెట్టాలి. బడికి వెళ్లే పిల్లలకు చార్జింగ్ గొడవ లేని పెన్నే కొనాలి. మూడో పీరియడ్‌లో పెన్ను ఆగిపోతే ఎవరినడుగుతారు?

ఒకే కంపెనీ కదా అని ధీమాగా ఉండొద్దు. గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్‌కు ఎస్ పెన్ డబ్బాలోనే వస్తుంది, ట్యాబ్ ఏ9 మీద అసలు పనిచేయదు. ఆపిల్ పెన్సిళ్లలోనూ రకాలున్నాయి. ఏ ఐప్యాడ్‌కు ఏది పడుతుందో బిల్లు వేయించకముందే చూసుకోండి.

షాపులో రాసి చూడండి

ఇక్కడే అందరూ తొందరపడతారు. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్.పి. రోడ్డులో ధర బాగానే కుదరొచ్చు కానీ అక్కడ ఎక్కువగా సీలు వేసిన డబ్బాలే చేతికిస్తారు. రాసి చూడాలంటే డెమో పీసులున్న షోరూమ్‌కు వెళ్లాలి. శని, ఆదివారాలు వద్దు, రద్దీలో ఎవరూ మిమ్మల్ని పావుగంట రాయనివ్వరు. పిల్లాణ్ని వెంట తీసుకెళ్లండి. రాసేది వాడు, మీరు కాదు.

స్టాండు మీద నిలబెట్టిన ట్యాబ్ మీద రాస్తే ఏమీ తెలియదు. బల్ల మీద పడుకోబెట్టమని అడగండి. సేల్స్ కుర్రాడు పువ్వు గీసి చూపిస్తాడు. బాగుంటుంది, కానీ పువ్వు ఏ పెన్నుతోనైనా వస్తుంది.

ముందు అరచేతిని పూర్తిగా స్క్రీన్ మీద ఆనించి, ఆ తర్వాతే పెన్ను పెట్టమనండి. పిచ్చిగీతలు పడినా, పేజీ జరిగినా ఆ ట్యాబ్ వద్దు. చెయ్యి గాల్లో పెట్టి గంటసేపు ఎవరూ రాయలేరు.

తర్వాత చిన్న అక్షరాలు. యూట్యూబ్ రివ్యూలు చూసి కొనొద్దని నేను మొత్తుకునేది ఇందుకే. వాళ్లు ఇంగ్లీషులో ఒక సంతకం గిలికి "సూపర్" అనేస్తారు. మన పిల్లలు రాసేది తెలుగు, ఇక్కడి బడిలో కన్నడ. రెండింటిలోనూ ఒత్తులున్నాయి, పెన్ను ఎత్తి పెట్టడాలు ఎక్కువ. "లక్ష్మి", "స్త్రీ", "జ్ఞానం" అని నోటుబుక్కులో రాసే సైజులోనే, రాసే వేగంతోనే రాయించండి. ద, ధ, ప, ఫ పక్కపక్కన రాయించండి. ధకు, ఫకు అడుగున ఉండే చిన్న గీత చూడండి. నాసిరకం పెన్ను అంత చిన్న గీతను మింగేస్తుంది, లేదంటే పక్క అక్షరానికి అతికించేస్తుంది. అలా జరిగినా, తలకట్లు ఎగిరిపోయినా ఆ ట్యాబ్ వద్దు.

ఆ పైన స్కేలు ఆనించి ఒక ఏటవాలు గీత మెల్లగా గీయించండి. మెల్లగా అన్నది ముఖ్యం, వేగంగా గీస్తే లోపం కనబడదు. గీత అలలు అలలుగా వస్తే జామెట్రీ బొమ్మలు ఒక్కటీ సరిగా రావు. స్క్రీన్ నాలుగు మూలల్లోనూ రాయించండి. పక్కనుంచి వంగి చూసి పెన్ను మొనకూ గీతకూ మధ్య ఎంత ఎడముందో గమనించండి. మామూలు ఐప్యాడ్‌లో ఈ ఎడం కాస్త ఉంటుంది, ప్రో మోడళ్లలో దాదాపు ఉండదు. కొందరు పిల్లలకు రెండు రోజుల్లో అలవాటవుతుంది, మరికొందరికి గీత ఎక్కడ పడుతుందో తెలియక చిరాకు పుడుతుంది. అందుకే వాణ్నే అడగాలి.

చివరగా సైన్స్ పుస్తకం నుంచి ఒక పేరా మీరు చదవండి, వాడు రాస్తాడు. క్లాసులో చెప్పే వేగంతోనే చదవండి. రాసింది వాడే తిరిగి చదవగలిగితే ట్యాబ్ దొరికినట్టే. "అప్‌డేట్ వస్తే సెట్ అయిపోతుంది సార్" అన్న మాట నమ్మి డబ్బు కట్టకండి.

కొన్నాక

జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు ఉండాలి, డబ్బా అక్కడే తెరిపించండి. పెన్నుకు విడి మొనలు కొని పెట్టుకోండి. స్క్రీన్‌కు మందపాటి టెంపర్డ్ గ్లాసు వేయిస్తే పెన్ను మొనకూ గీతకూ మధ్య ఎడం ఇంకా పెరుగుతుంది. కాగితంలా గరుకుగా ఉండే ఫిల్మ్ మీద రాత బాగుంటుంది, మొన త్వరగా అరుగుతుంది. నేనైతే ఆ ఫిల్మే వేయిస్తాను. నోట్సు యాప్ ఏదైనా సరే, పీడీఎఫ్‌గా బయటికి తీసుకునే వీలుండాలి. సబ్జెక్టుకో ఫోల్డర్ పెట్టించి, ప్రతి శనివారం పీడీఎఫ్‌లు గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించమనండి. మొదటి రెండు వారాలు సోషల్ నోట్సు ఒక్కటే ట్యాబ్‌లో రాయించండి. చెయ్యి కుదిరాక సైన్స్ మొదలుపెట్టొచ్చు.