శరదృతువు ఫోటోల ఎడిటింగ్: రంగులు పెంచడం కన్నా విడదీయడం ముఖ్యం

ఆకులు రంగు మారే రోజుల్లో తీసిన ఫోటో తెరవగానే చాలామంది చెయ్యి ముందు సాచురేషన్ (రంగు గాఢత) స్లైడర్ మీదికే పోతుంది. నేను దాని జోలికి ఆఖర్న వెళ్తాను, చాలాసార్లు అసలు వెళ్లను. ఆ కాలంలో అడవిలో రంగుకు కొదవే లేదు. చిక్కల్లా ఎక్కడంటే పసుపు, నారింజ, ఎరుపు, గోధుమ రంగులన్నీ పక్కపక్కనే ఉండి, ఫోటోలోకి వచ్చేసరికి ఒకే ముద్దగా కలిసిపోతాయి. అన్నిటినీ కలిపి పెంచితే ఆ ముద్ద ఇంకా చిక్కబడుతుందే తప్ప ఆకు ఆకుగా కనపడదు. నేను చేసే ఎడిటింగంతా ఒక్క పని కోసమే: కలిసిపోయిన రంగుల్ని మళ్లీ విడదీయడం. ఏటా ఈ కాలంలో చేస్తున్న ప్రయోగాల్లో నిలబడిన పద్ధతులే ఇక్కడ రాస్తున్నాను.

నేను అడోబ్ వాళ్ల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ వాడతాను కాబట్టి స్లైడర్ల పేర్లు అందులోవే చెబుతాను. అలాంటివే డార్క్‌టేబుల్, రాథెరపీ రెండూ ఉచితం. వాటిలోనూ ఈ పనులన్నీ చేసుకోవచ్చు, పేర్లు మాత్రం కొంచెం వేరుగా ఉంటాయి.

ముందు ఆకు గురించి

ఎడిటింగ్ గురించి చెబుతూ వృక్షశాస్త్రం ఎందుకంటారా? ఇది తెలిశాకే స్లైడర్ ఎక్కడ ఆపాలో నాకు అర్థమైంది. వేసవంతా ఆకులో పత్రహరితం మిగతా రంగుల్ని కప్పేసి ఉంటుంది. పగటి పొద్దు తగ్గి చలి మొదలయ్యాక చెట్టు పత్రహరితం తయారీ ఆపేస్తుంది, ఉన్నది కూడా విరిగిపోతుంది. అప్పటిదాకా దాని చాటున ఉన్న కెరోటినాయిడ్లు బయటపడి ఆకు పసుపో నారింజో అవుతుంది. ఎరుపు సంగతి వేరు. ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు చాలా చెట్లలో ఆ రోజుల్లోనే కొత్తగా తయారవుతాయి, అందుకు ఎండ కావాలి. అందుకే ఒకే మేపుల్ చెట్టుకు ఎండ తగిలే బయటి కొమ్మలు ఎర్రగా, లోపల నీడలో ఉన్న ఆకులు పసుపుగా ఉండటం చూస్తాం. ఒక ఆకు మరో ఆకును కప్పిన చోట, పై ఆకును పక్కకు జరిపితే కింది ఎర్ర ఆకు మీద దాని ఆకారం లేత మచ్చగా అచ్చుపడి ఉండటం కూడా కనిపిస్తుంది. చాలా చెట్ల ఆకుల్లో ఈనెల వెంట ఆకుపచ్చ చివరిదాకా మిగిలి ఉంటుంది.

ఈ తేడాలే శరదృతువుకు ప్రాణం. మాస్క్ గీసి, అంటే మార్పు ఎంచుకున్న భాగానికే తగిలేలా గుర్తుపెట్టి, చెట్టు మొత్తానికి ఒకే ఎరుపు పూసేస్తే, చూసేవాళ్లు కారణం చెప్పలేకపోయినా ఏదో తేడాగా ఉందని పట్టేస్తారు.

తీసేటప్పుడే చూసుకోవాల్సినవి

రా ఫైల్‌లోనే, అంటే సెన్సర్ పట్టినదాన్ని మార్చకుండా దాచే ఫైల్‌లోనే తీయండి. జేపెగ్‌లో ఒక్కో రంగు ఛానల్‌కు 256 మెట్లే ఉంటాయి, 14 బిట్ రా ఫైల్‌లో 16,384. పసుపు నుంచి నారింజకు మెల్లగా మారే ఆకు మీద చారలు పడకుండా ఎడిట్ చేయాలంటే ఆ మెట్లన్నీ కావాలి.

లెన్స్ ముందు బిగించి తిప్పే పోలరైజర్ ఫిల్టర్ తప్పనిసరి. ఆకు పైన ఉండే మైనపు పొర ఆకాశాన్ని తెల్లటి మెరుపుగా చూపిస్తుంది, ఆ మెరుపు కింద రంగు ఉండిపోతుంది. వాన పడ్డాక తడి ఆకుల మీదైతే ఇది మరీ ఎక్కువ. ఫిల్టర్ తిప్పుతూ చూస్తుంటే ఒక చోట ఆ మెరుపు పోయి ఆకు అసలు రంగు బయటికొస్తుంది. దీనికి ఒకటి నుంచి రెండు స్టాపుల దాకా (ఒక స్టాపు అంటే వెలుతురు సగమవడం) వెలుతురు ఖర్చవుతుంది. అయినా సరే వాడాల్సిందే, ఎందుకంటే సెన్సర్ మీద పడని రంగును ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చి పెట్టలేదు.

హిస్టోగ్రామ్‌ను (ఫోటోలో ఏ వెలుగు ఎంత ఉందో చూపే గ్రాఫ్) మూడు రంగులకూ విడివిడిగా చూపించే సెట్టింగ్ కెమెరాలో ఉంటే అదే పెట్టుకోండి. మామూలుగా కనిపించేది వెలుగు హిస్టోగ్రామ్. సాధారణంగా వాడే లెక్క ప్రకారం అందులో ఆకుపచ్చ వాటా సుమారు 72 శాతం, ఎరుపుది 21, నీలానిది 7. అంటే ఎర్ర ఆకులో ఎరుపు ఛానల్ పూర్తిగా నిండిపోయినా ఆ గ్రాఫ్ మాత్రం అంతా బాగుందనే చెబుతుంది. నిండు ఎరుపు ఆకుల్ని తీసేటప్పుడు నేను ఎరుపు ఛానల్‌ను చూస్తూ ఎక్స్‌పోజర్ (సెన్సర్ మీద పడే వెలుతురు) తగ్గిస్తాను.

కెమెరా తనంతట తానే రంగు సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ వాడను. ఫ్రేమంతా పసుపు నిండితే కెమెరా దాన్ని లైటింగ్ దోషమనుకుని నీలం కలిపేస్తుంది. రా ఫైల్‌లో తర్వాత మార్చుకోవచ్చు, నిజమే. కానీ వరసగా తీసిన ఫోటోలు ఒక్కోటి ఒక్కో రంగులో కనిపిస్తుంటే అడవిలో చూసిన రంగు ఏదో మనకే గుర్తు రాదు. డేలైట్ అని పెట్టి వదిలేస్తే అన్నీ ఒకే తీరుగా ఉంటాయి.

తెర

రాత్రిపూట తెరను పసుపుగా మార్చే నైట్ మోడ్ ఆపేశాకే ఎడిటింగ్ మొదలుపెట్టండి. తెర రంగుల్ని సరిచేసే క్యాలిబ్రేషన్ పరికరం ఉంటే 6,500 కెల్విన్ దగ్గర, చదరపు మీటరుకు 100 నుంచి 120 క్యాండెలాల వెలుగులో పెట్టుకోండి. గదిలో పసుపు బల్బు వెలుగు తెర మీద పడకూడదు. ఇంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు గానీ, ఇది లేకపోతే మిగతాదంతా గాల్లో దీపమే.

వెచ్చదనం ఆకులకే, నీడకు వద్దు

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదువుతామంటే ఇది చదవండి.

నీటి ఒడ్డున తెల్ల బెరడున్న బిర్చ్ చెట్ల తోపు, పొద్దున్నే కొంచెం పొగమంచు, వెనకాల పైన్ చెట్లు. ఈ కాలంలో నాకు బాగా ఇష్టమైన దృశ్యం ఇది. ఈ ఫోటోకు సాధారణంగా ఏం చేస్తారంటే టెంపరేచర్ స్లైడర్‌ను (అంకె పెరిగితే ఫోటో పసుపు వైపు, తగ్గితే నీలం వైపు జరుగుతుంది) 7,000 కెల్విన్ దాటిస్తారు. ఆకులు బంగారంలా మెరుస్తాయి. అయితే అదే సమయంలో బిర్చ్ బెరడు మీదికి, పొగమంచులోకి, నీళ్లలోకి కూడా పసుపు వచ్చేస్తుంది. పక్కన చల్లని రంగు లేకుండా పోతే ఆ పసుపు పసుపుగానే అనిపించదు. నీలి ఆకాశం కింద ఉన్న నీడలు సహజంగానే నీలంగా ఉంటాయి, పొద్దున్నే మరీను. ఆ నీలాన్ని కాపాడుకోవాలి.

నేను చేసేది ఇలా. మొత్తం ఫోటోకు టెంపరేచర్‌ను 5,000 దగ్గర, అంటే కొంచెం చల్లగానే ఉంచుతాను. కొలతకు బెరడును చూసుకుంటాను. నీడలో ఉన్న తెల్ల బెరడులో లీలగా నీలం కనిపించాలి. అంతకు మించితే ఎక్కువైనట్టు, అసలు లేకపోతే తక్కువైనట్టు. తర్వాత కలర్ రేంజ్ మాస్క్ తీసుకుని ఎండ తగిలిన పసుపు ఆకు మీద క్లిక్ చేస్తాను. ఆ రంగున్న ఆకులన్నీ మాస్క్‌లోకి వస్తాయి. వాటితో పాటు ఒడ్డున ఎండిన గడ్డి కూడా వచ్చేస్తే సబ్‌ట్రాక్ట్ బ్రష్‌తో దాన్ని తీసేస్తాను. ఇప్పుడు ఆ మాస్క్‌లో టెంపరేచర్ +12 నుంచి +18 మధ్య, ఎక్స్‌పోజర్ +0.2. అంతే. సాచురేషన్ ముట్టుకోకుండానే ఆకులు వెలిగినట్టు అవుతాయి, పక్కనే నీళ్లు చల్లగా ఉండిపోతాయి.

పొగమంచు ఉన్న ఫోటోలో, మంచు పొరను తగ్గించే డీహేజ్‌ను మొత్తానికి పెంచకండి. మంచే ఆ ఫోటోకు లోతు, దాన్ని తుడిచేస్తే వెనక పైన్ చెట్లు ముందుకొచ్చి బిర్చ్‌లకు అంటుకుంటాయి. ముందున్న ఒకటి రెండు కాండాల మీద బ్రష్‌తో కొంచెం డీహేజ్ ఇచ్చి, దూరపు చెట్ల మీద టెక్స్చర్‌ను (సన్నని వివరాల్ని పెంచే, తగ్గించే స్లైడర్) మైనస్‌లోకి, -15 దాకా తీసుకెళ్తే దూరం దూరంగానే కనిపిస్తుంది.

హెచ్‌ఎస్‌ఎల్ ప్యానెల్

ఒక్కో రంగుకూ హ్యూ (ఛాయ), సాచురేషన్, లూమినెన్స్ (ఆ రంగు వెలుగు) విడివిడిగా మార్చుకునే చోటు ఇది. ఇక్కడ కొత్తవాళ్లను గందరగోళపెట్టే విషయం ఒకటుంది. మన కంటికి ఆకుపచ్చగా కనిపించే గడ్డి, ఆకులు సాఫ్ట్‌వేర్ లెక్కలో చాలావరకు పసుపు కిందికే వస్తాయి. అందుకే పసుపు హ్యూ స్లైడర్‌ను పూర్తిగా ఎడమకు లాగితే వేసవి అడవి కూడా నారింజ అయిపోతుంది. చాలా ప్రీసెట్లు (ముందే తయారుచేసి పెట్టిన సెట్టింగులు) చేసేది ఇదే. అలాంటి ఫోటోను గుర్తుపట్టాలంటే నేల చూడండి, నాచు కూడా తుప్పు రంగులో ఉంటుంది. ఆ పని నేను చెయ్యను, మీరూ చెయ్యొద్దని కోరుతున్నాను. రంగు మారని చెట్టును మారినట్టు చూపిస్తే ఆ రోజు అడవి గురించి అబద్ధం చెప్పినట్టే కదా.

బిర్చ్ ఫోటోకు నా అంకెలు ఇంచుమించు ఇలా ఉంటాయి: పసుపు హ్యూ -8, పసుపు లూమినెన్స్ +15, నారింజ లూమినెన్స్ -10. పసుపు, నారింజల మధ్య వెలుగు తేడా పెరిగితే చాలు, రెండూ విడిపోతాయి. ఆకుపచ్చ హ్యూను +15 జరిపితే పైన్ చెట్లు కొంచెం నీలం వైపు వెళ్లి పసుపుకు దూరమవుతాయి. ఆకుపచ్చ సాచురేషన్ -20. ఈ అంకెల్ని అలాగే దించుకోవద్దు, ఏ వైపు జరుపుతున్నామో చూడండి. 2023లో లైట్‌రూమ్‌లోకి వచ్చిన పాయింట్ కలర్‌తో ఇంకా సన్నగా పని చేయొచ్చు. పసుపు మొత్తాన్ని కదపకుండా ఒక్క నిమ్మపసుపు ఆకుల్నే పట్టుకోవచ్చు.

ఆకాశం నీలాన్ని ముదురు చేయాలని నీలం లూమినెన్స్‌ను బాగా తగ్గిస్తే కొమ్మల అంచుల చుట్టూ తెల్లటి గీత వస్తుంది, ఆకాశంలో నాయిస్ (గరుకు చుక్కలు) తేలుతుంది. -20 దాటే ముందు 100 శాతం జూమ్‌లో ఒకసారి చూసుకోండి.

ఎర్ర ఆకు ఒక్కటే ఫ్రేమ్‌లో ఉంటే

దగ్గరగా తీసిన మేపుల్ ఆకు, మీద వాన చినుకులు. తెరవగానే ఎరుపు అంతా చదునుగా, రంగు కాగితం కత్తిరించి పెట్టినట్టు ఉంటుంది. ముందు ప్రొఫైల్‌ను (రా ఫైల్ రంగుల్ని సాఫ్ట్‌వేర్ మొదట చూపించే తీరు) అడోబ్ న్యూట్రల్‌కు మార్చండి. మాయమైపోయిన ఈనెలు సగం అక్కడే తిరిగొస్తాయి, ఎందుకంటే వివిడ్, ల్యాండ్‌స్కేప్ లాంటి ప్రొఫైళ్లు మనం ఏమీ చేయకముందే రంగు పెంచేసి ఉంటాయి. తర్వాత ఎరుపు సాచురేషన్ -10 నుంచి -15. ఎర్ర ఆకు ఫోటోకు ఎరుపు తగ్గించడం ఏమిటని అనిపిస్తుంది గానీ, చేసి చూడండి. పక్క ఈనెలు, వాటి మధ్య వల లాంటి సన్న ఈనెలు ఒక్కొక్కటీ పైకొస్తాయి. చినుకు కింద ఆకు పెద్దదిగా కనిపించే చోట ఆ వల ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఆ చినుకుల మీద మాత్రం చిన్న బ్రష్‌తో క్లారిటీ +20 ఇస్తాను. షార్పెనింగ్‌లో మాస్కింగ్ స్లైడర్‌ను ఆల్ట్ కీ నొక్కిపట్టి లాగితే తెల్లగా కనిపించే చోట్లే షార్ప్ అవుతాయి. ఆకు అంచులు, ఈనెలు తెల్లగా మిగిలి, వెనక మసక భాగమంతా నల్లబడేదాకా లాగండి.

ప్రయోగాలకు ఒక పద్ధతి

ప్రతి ఫోటోకూ వర్చువల్ కాపీలు చేసుకుని ఆడుకోండి, అసలు ఫైలుకు ఏమీ కాదు. ఒక కాపీలో ప్రతి స్లైడర్‌నూ కావాలనే చివరిదాకా లాగి, మెల్లగా వెనక్కి తెస్తూ ఎక్కడ ఫోటో ఊపిరి పీల్చుకుంటుందో చూడటం నాకిష్టమైన అలవాటు. ఆ స్లైడర్ అసలు దేన్ని పట్టుకుంటుందో అలా చేస్తేనే తెలుస్తుంది.

ఆకురాలు అడవికి బాగా నప్పేది, ఫోటోకు కలలాంటి మెత్తదనం ఇచ్చే ఆర్టన్ ఎఫెక్ట్. ఫోటోగ్రాఫర్ మైకేల్ ఆర్టన్ 1980లలో, స్పష్టంగా ఉన్న ఫిల్మ్ స్లైడ్‌నూ మసకగా తీసిన స్లైడ్‌నూ ఒకదాని మీద ఒకటి పెట్టి దీన్ని సాధించాడు. ఇప్పుడు ఫోటోషాప్‌లో గానీ, ఉచితంగా దొరికే గింప్‌లో గానీ లేయర్‌ను కాపీ చేసి, 6,000 పిక్సెళ్ల వెడల్పున్న ఫోటోకైతే 30 పిక్సెళ్ల గాసియన్ బ్లర్ ఇచ్చి, బ్లెండ్ మోడ్ (కింది లేయర్‌తో కలిసే తీరు) స్క్రీన్ పెట్టి, ఒపాసిటీ (ఆ లేయర్ కనిపించే పాళ్లు) 10-15 శాతానికి తగ్గిస్తే సరి. ముందున్న కాండాల మీద మాస్క్‌తో తీసేయండి. 15 దాటితే కలగా అనిపించడం పోయి కళ్లద్దాలు మసకబారినట్టు ఉంటుంది.

బ్లాక్ అండ్ వైట్ కూడా తప్పకుండా ప్రయత్నించండి. ఎర్ర ఆకు, ఆకుపచ్చ ఆకు మామూలుగా మారిస్తే దాదాపు ఒకే బూడిద రంగులోకి దిగుతాయి. ఏ రంగు ఎంత తెల్లగా రావాలో మార్చుకునే మిక్సర్‌లో పసుపు పెంచి, ఎరుపు, నీలం తగ్గిస్తే బిర్చ్ ఆకులు నల్లటి పైన్ ముందు తెల్లగా లేస్తాయి. విడదీయడం అనే పని రంగు లేని చోట ఎలా జరుగుతుందో ఇది నేర్పినంత బాగా ఇంకేదీ నేర్పదు.

బయటికి పంపేటప్పుడు

పని 16 బిట్‌లో, విశాలమైన రంగుల పరిధి ఉన్న ప్రోఫోటో ఆర్‌జీబీలో చేసుకోండి. ఫోన్లలో, వెబ్‌లో పెట్టడానికి మాత్రం చిన్న పరిధి ఉన్న ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చాలి. నిండు ఎరుపులు, నారింజలు కొన్ని దాని పరిధిలో పట్టవు, మార్చేటప్పుడు మళ్లీ చదునైపోతాయి. అందుకే ఎక్స్‌పోర్ట్‌కు ముందు సాఫ్ట్ ప్రూఫింగ్ (మార్చాక రంగులు ఎలా ఉంటాయో ముందే చూపించేది) ఆన్ చేసి, పరిధి దాటిన చోట ఆ రంగు సాచురేషన్‌ను మాత్రం కొద్దిగా తగ్గించండి. ప్రింటు తీయించేటట్టయితే మెరుపు లేని మ్యాట్ కాగితం మీద రంగులు తెర మీదకన్నా మసకగా వస్తాయి. ముందు చిన్న సైజులో ఒకటి తీయించి, పగటి వెలుతురులో చూసి, అవసరమైతే ప్రింట్ కాపీకి ఎక్స్‌పోజర్ +0.2 దాకా పెంచి అప్పుడు పెద్దది తీయించండి.