బ్రైట్లింగ్ పిరమిడ్ చూడాలంటే ఇలా ప్లాన్ చేస్కోండి

లండన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు వీకెండ్‌లో ఎప్పుడూ ఆ బీచ్‌లకేనా, ఒకసారి ఈస్ట్ ససెక్స్‌లో బ్రైట్లింగ్ అనే పల్లెకి వెళ్ళి చూడండి, అక్కడ చర్చి ఆవరణలో మామూలు సమాధుల మధ్య 25 అడుగుల రాతి పిరమిడ్ ఉంటుంది. అది జాన్ ఫుల్లర్ అనే ఊరి పెద్ద జమీందారుది, పోయింది 1834లో, కానీ 1811లోనే తన సమాధి తనే కట్టించుకున్నాడు. జనం మ్యాడ్ జాక్ అనేవాళ్ళు, ఆయనకేమో హానెస్ట్ జాక్ అనిపించుకోవాలని ఉండేది.

కారైతే హాయి. ట్రైన్ అయితే చేరింగ్ క్రాస్‌లో ఎక్కి రాబర్ట్స్‌బ్రిడ్జ్‌లో దిగాలి, అక్కణ్ణుంచి టాక్సీ, అది ముందే మాట్లాడి పెట్టుకోండి.

కథ తెలీకుండా వెళ్తే మాత్రం మజా ఉండదు. లోపల ఫుల్లర్ టాప్ హ్యాట్ పెట్టుకుని టేబుల్ ముందు కూర్చునే ఉన్నాడని, ఎదురుగా కాల్చిన కోడి, వైన్ సీసా ఉన్నాయని, సైతాను వస్తే కాళ్ళు తెగాలని నేలంతా గాజు పెంకులు పోయించాడని ఊళ్ళో తరతరాలుగా చెప్పుకున్నారు. 1982లో రిపేర్లకి తెరిచి చూస్తే కోడీ లేదు సీసా లేదు, అందర్లాగే ఆయన్నీ నేల కిందే పూడ్చారు. ఇంకో కథ ఏంటంటే చర్చి ఎదురుగా ఉన్న పబ్‌ని దూరంగా మార్పిస్తానంటేనే పిరమిడ్‌కి జాగా ఇచ్చారట, నాకైతే కోడి కంటే ఇదే నమ్మబుద్ధి అవుతుంది.

తర్వాత చర్చి లోపలికి కూడా వెళ్ళండి, 1820లో ఈయనిచ్చిన బ్యారెల్ ఆర్గన్ (పిడి తిప్పితే పాటలు వాయించే వాద్యం) ఉంటుంది. దానాలు తక్కువేం కాదు, కూల్చేస్తారేమోనని బోడియమ్ కోటని 1829లో కొనేశాడు, లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే సైన్స్ సంస్థలో సైంటిస్ట్ ఫారడే చేసిన ప్రొఫెసర్ పోస్టు కూడా ఈయన డబ్బుతో పెట్టిందే. ఆ డబ్బు ఎక్కడిదో పిల్లలకి కూడా చెప్పండి, వీళ్ళ కుటుంబానికి జమైకాలో బానిసలతో నడిచే చెరుకు తోటలుండేవి, పార్లమెంటులో ఈయన బానిసత్వాన్నే వెనకేసుకొచ్చాడు. దాత అనగానే దండం పెట్టేయడం నాకు నచ్చదు.

టైముంటే పక్కనే డాలింగ్‌టన్ ఊరి వైపు షుగర్ లోఫ్ అనే కోను ఆకారం కట్టడం కూడా చూడండి. తన ఇంటి నుంచి డాలింగ్‌టన్ చర్చి శిఖరం కనిపిస్తుందని ఫుల్లర్ లండన్‌లో పందెం కాశాడట, ఇంటికొచ్చి చూస్తే కొండ అడ్డం, దాంతో గబగబా శిఖరం లాంటిది ఇంకోటి కట్టించేశాడని చెప్తారు. అది పొలంలో ఉంటుంది, వాన పడితే అంతా బురదే, షూస్ చూసి వేస్కోండి.